కొట్టే బటన్

మా నాన్న ఎదుట ఎవరూ పడవ అంచు మీద చెయ్యి వెయ్యకూడదు. జంగ్లీఘాట్ రేవు మొత్తానికి తెలిసిన సంగతే ఇది. ఎందుకని అడిగినవాడు మాత్రం లేడు. జోగులుకి తిక్క, అంతే అనుకునేవారు. బోటు ఇంజన్ బాగుచెయ్యడంలో ఆయన్ని మించినవాడు పోర్ట్‌బ్లెయిర్‌లో లేడు కాబట్టి ఆ తిక్కని భరించేవారు.

2017 ఏప్రిల్లో, నేను కాలేజీ నుంచి ఇంటికి వచ్చిన మర్నాడే, ఆ తిక్క మా యుగంధర్ బావ వేళ్లు రెండు విరగ్గొట్టింది.

నాన్నకి క్యారేజీ పట్టుకుని రేవుకి వెళ్లాను. ఆయన ఒక బోటులో ఇంజన్ మూత తీసి, లోపలికి తల దూర్చి ఉన్నాడు. బావ పక్క బోటు మీంచి నీళ్లలోకి దూకి, ఈదుకుంటూ వస్తూ నన్ను చూశాడు. "ఏటే సుమా, వొచ్చేసినావేటి! మాకేటి గేములు తెచ్చినావు?" అని అరిచి, నవ్వుతూ రెండు చేతులూ బోటు అంచుకి వేసి పైకి లేవబోయాడు. బోటు కాస్త ఒరిగింది. నాన్న చటుక్కున తిరిగాడు. చేతిలో పెద్ద పానా ఉంది. ఎవరని చూడలేదు, ఏమిటని అడగలేదు. ఆ వేళ్ల మీద దించేశాడు.

బావ కేక పెట్టి నీళ్లలోకి జారిపోయాడు. పైకి తేలేసరికి నాన్న పానా మళ్లీ ఎత్తి సిద్ధంగా ఉన్నాడు. నేను క్యారేజీ అక్కడే పారేసి "నాన్నా!" అని అరిచాను. చేపలు కోస్తున్నవాళ్లు కత్తులు వదిలేసి పరుగున వచ్చి ఆయన్ని వెనక నుంచి పట్టుకున్నారు. "ఛోడో జోగులు భయ్యా, అప్నా లడ్కా హై" అని, మనవాడే వదిలెయ్యమని ఒకతను బతిమాలుతున్నాడు. నాన్న మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఎవుడు? ఎవుడది?" అని మళ్లీ మళ్లీ అడుగుతున్నాడు. ఎదురుగా ఉన్న మేనల్లుణ్ని గుర్తుపట్టడానికి ఆయనకి నిమిషం పట్టింది.

"నాను మావా, యుగంధర్‌ని" అన్నాడు బావ, వేలాడుతున్న వేళ్లని రెండో చేత్తో పట్టుకుని. ఆ మాట వినగానే నాన్న బోటులోనే కూలబడి వాంతి చేసుకున్నాడు.

బావ నా మేనమామ నూకయ్య కొడుకు. నూకయ్య మావ సునామీలో పోయాడు. పోయాడని మేమంటాం గాని, మా కాళమ్మ అత్త అననిచ్చేది కాదు. శవం దొరకలేదు, పోవడం కళ్లతో చూసినవాడు లేడు, మీరెవరు చెప్పడానికి అని తగువుకొచ్చేది. పన్నెండేళ్లుగా బొట్టు తియ్యలేదు, గాజులు తియ్యలేదు. నికోబార్ షిప్పు వచ్చిన ప్రతిసారీ ఎండుచేపల బుట్ట నెత్తిన పెట్టుకుని జెట్టీకి పోయి, దిగినవాళ్లనల్లా అడిగేది. ఏదో ఒక దీవిలో మతి తప్పి బతికున్నాడేమో అని ఆమె ఆశ. ఆ ఆశ మీదే కొడుకుని పెంచింది.

నేను వైజాగ్ దగ్గర యూనివర్సిటీలో ఆటలు తయారుచెయ్యడం చదువుతున్నాను అప్పటికి. కంప్యూటర్ మీద ఆడే ఆటలు. కథ రాయడం, బొమ్మ గియ్యడం, ఆడేవాడి చేతికి ఏ బటన్ ఇవ్వాలి, ఏది ఇవ్వకూడదు అని తేల్చుకోవడం, అన్నీ అందులోనే ఉంటాయి. ఆఖరి ఏడాది ప్రాజెక్టుగా నేను ఎంచుకున్నది సునామీ. తొమ్మిదేళ్లప్పుడు, అప్పట్లో మేముండే హట్‌బేలో, నేను బతికి బయటపడిన ఆ ఉదయాన్నే ఆటగా కడుతున్నాను. సముద్రంలో కలిసే నాలాలో కట్టి ఉన్న మా పడవ, అందులో ఆరుగురం. నాన్న, అమ్మ, నేను, పక్కింటి గురమ్మ, ఆమె మనవలిద్దరు. నీళ్లలోంచి చేతులు వచ్చి పడవ అంచు పట్టుకుంటాయి. పచ్చ బటన్ నొక్కితే ఆ మనిషిని పైకి లాగొచ్చు. పడవ మొయ్యగలిగినంతమందిని బతికించి ఒడ్డుకి చేరాలి. అదీ ఆట.

కొలతలు కావాలని కాళమ్మ అత్త దగ్గరికే వెళ్లాను. ఆ పడవ చేసింది నూకయ్య మావే. అత్త గుమ్మంలో కూర్చుని, మూరలు వేసి, జానలు వేసి, ఒక్కటి తప్పకుండా చెప్పింది. పొడుగు, వెడల్పు, లోతు, ఏ కర్ర వాడాడో కూడా చెప్పింది.

"మీ మావని కూడా ఎడతావేటే అందులో?"

"ఆయన ఎటు పోయాడో తెలీదు కదా అత్తా. తెలీంది ఎలా పెట్టను?"

"మరి తెలుసుకోయే! నాలుగేళ్లు సదివినావు గదా. ఎవులో ఒకలు సూసుంటారు. అందర్నీ అడుగు. నాకదొక్కటీ తేల్చి పెట్టు, సాలు. పోయేడంటే పోయేడని ఏడుస్తాను. లేదంటే ఇలాగే ఉంటాను. ఈ మద్దెలో ఉండలేకపోతన్నాను."

బావ వేళ్లకి కట్టు కట్టించి వచ్చిన రోజు అది. వలలు లాగలేడు కనుక తెలిసినవాళ్ల దుకాణంలో పనికని బావ బస్సెక్కి ఉత్తరాన రంగత్ అనే ఊరికి వెళ్లిపోయాడు. వెళ్తూ నాన్నని ఒక్క మాట అనలేదు. పైగా "మావకి సునామీ రోజు నుంచీ బుర్ర బాగోదు, ఛోడ్ దో" అని అమ్మకే ధైర్యం చెప్పాడు.

మే మొదటి ఆదివారం మధ్యాహ్నం నాన్న తనంతట తనే అడిగాడు. "ఆ ఆట ఏదీ, సూద్దాం" అన్నాడు. మేనల్లుడి వేళ్లు విరగ్గొట్టిన దగ్గర్నుంచి ఆయన ఇంట్లో పిల్లిలా తిరుగుతున్నాడు. నాకు సంబరమేసింది. లాప్‌టాప్ తెరిచి, కంట్రోలర్ ఆయన చేతుల్లో పెట్టి, ఏది తెడ్డో, ఏది లాగే బటనో చెప్పి, వెనక్కి జరిగి నోటుబుక్కు పట్టుకున్నాను.

మా కాలేజీ మేడమ్ పెట్టిన నియమం ఒకటుంది. ఎవరిచేతైనా ఆట ఆడించేటప్పుడు తయారుచేసినవాళ్లు నోరు తెరవకూడదు. సాయం చెయ్యకూడదు, సైగ చెయ్యకూడదు. ఆడేవాడి చెయ్యి ఎక్కడికి పోతుందో, ఎక్కడ ఆగుతుందో చూసి రాసుకోవాలి, అంతే. కాళమ్మ అత్త గుమ్మంలో కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. అమ్మ పొయ్యి దగ్గరుంది.

నాన్న పడవని అద్భుతంగా నడిపాడు. మా క్లాసులో ముప్పైమంది ఆడారు గాని, నీళ్లు ఎటు తిరుగుతాయో ఆయనకి తెలిసినట్టు ఒక్కడికీ తెలియలేదు. అంతలో ఎడమపక్క అంచు మీదికి ఒక చెయ్యి వచ్చింది. నాన్న పచ్చ బటన్ నొక్కలేదు. బొటనవేలు మిగతా బటన్ల మీద తిరుగుతోంది. ఒక్కొక్కటే నొక్కి చూస్తున్నాడు. ఇంకో చెయ్యి వచ్చింది. బొటనవేలు ఇంకా గబగబా తిరిగింది. "పచ్చది మర్చిపోయారు, రంగు పెంచాలి" అని రాసుకున్నాను.

ఆయన తెర మీంచి కళ్లు తిప్పకుండానే అడిగాడు.

"కొట్టేది ఏదీ?"

"ఏంటి నాన్నా?"

"కొట్టే బటన్. ఇది లాగుతాది అన్నావు. కొట్టేది ఎక్కడెట్టినావు?"

గుమ్మంలో రొయ్యలు ఒలిచే చప్పుడు ఆగిపోయింది.

"ఎవుల్ని కొట్టాలి అన్నయ్యా?" అంది కాళమ్మ అత్త. చాలా మెల్లగా అడిగింది.

తెర మీద పడవ తిరగబడింది. మళ్లీ ఆడతారా అని అక్షరాలు వచ్చాయి. నాన్న కంట్రోలర్ చాప మీద పెట్టేశాడు.

"నూకయ్య బావని" అన్నాడు.

ఆ తర్వాత ఎవరూ అడగకుండానే చెప్పుకుపోయాడు. పన్నెండేళ్లు నోట్లో కుక్కుకున్నది ఒక్కసారిగా బయటపడింది. "తాడు కోసింది ఆడే. మడచెట్టుకి కట్టిన తాడు బిగుసుకుపోనాది, కోసీమన్నాను. దిగి కోసినాడు. నీరొచ్చి ఆణ్ని ఈడ్చేసింది. పోయేడనుకున్నాను. మళ్లీ ఇటుపక్క తేలి అంచట్టుకున్నాడు. పడవ ఒరిగిపోనాది. సుమ జారిపోతన్నాది. తెడ్డుతో కొట్టినాను. ఒక సెయ్యి వొదిలేసినాడు, రెండోది వొదల్లేదు. జోగులూ నాన్రా అన్నాడు. అన్నాక కూడా కొట్టినాను."

"ఎన్నిసార్లు?"

"మూడు."

ఆ రోజు అమ్మ నన్ను పడవ అడుగున బోర్లా పడేసి, నా మీద తను పడుకుంది. గురమ్మ కూడా మనవల మీద అలాగే పడుకుందట. నాకు కనిపించింది చెక్క ఒక్కటే. టపా టపా టపామని మూడు దెబ్బలు వినిపించాయి. కొట్టుకొచ్చిన మొద్దులు పడవకి తగులుతున్నాయనుకున్నాను. ఆటలో కూడా మొద్దులే పెట్టాను, ఆ చప్పుడు సరిగ్గా రావాలని వారం రోజులు కష్టపడ్డాను. అవి మొద్దులు కావు.

కాళమ్మ అత్త లేచింది. మూలనున్న రోకలి అందుకుంది. మొదటి దెబ్బ నాన్న వీపు మీద పడింది. రెండోది మెడ పక్కన. చిన్న మాటకే చెయ్యి లేపే మనిషి, రేవులో ఎవడితోనైనా కలబడే మనిషి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను అడ్డం వెళ్లి అత్త నడుం పట్టుకున్నాను.

"వొదిలీయే దాన్ని" అంది మా అమ్మ పొయ్యి దగ్గర్నుంచి. "మా అన్న మీద పడ్డవి మూడు. ఇంకోటి కొట్టనీ."

మా అమ్మ మహాలక్ష్మమ్మ నోటి నుంచి అలాంటి మాట నేను ఎన్నడూ వినలేదు. నా చేతులు వదులయ్యాయి. మూడో దెబ్బకి నాన్న భుజం ఎముక విరిగింది. ఆయన పక్కకి ఒరిగిపోయాడు. అత్త రోకలిని గుమ్మం మీద ఆనించి, తన చేతులు రెండూ దాని మీద బాదుకుని గాజులు చితక్కొట్టుకుంది. మణికట్ల నుంచి నెత్తురు కారుతుంటే ఆ నెత్తుటి చేత్తోనే బొట్టు చెరిపేసుకుని, అప్పుడు ఏడ్చింది. వీధి వీధంతా గుమ్మంలోకి వచ్చింది.

మెట్ల మీంచి జారిపడ్డానని ఆస్పత్రిలో రాయించాడు నాన్న. పక్క వీధి కామమ్మ మాత్రం ఊరికే ఉంటుందా, ఎవరినో పట్టుకుని రంగత్‌లో ఉన్న బావకి ఫోన్ చేయించి అంతా చెప్పించింది.

నాలుగో రోజు పొద్దున్న బావ బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చాడు. చేతిలో చేపలు కోసే కత్తి. నాన్న జబ్బకి కట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నాడు. బావ ఎడమచేత్తో ఆయన జుట్టు పట్టి వెనక్కి వంచి, కత్తి గొంతు మీద పెట్టాడు. కట్టు కట్టిన రెండు వేళ్లు కత్తి పిడికి పక్కగా నిలబడి ఉన్నాయి. చర్మం తెగి సన్నగా నెత్తురుగీత పడింది.

"నీ మేనత్తని రా యుగంధర్, నా మొహం సూసి ఆగరా!" అని అమ్మ కాళ్లు పట్టుకుంది. బావ కాలితో నెట్టేశాడు. అమ్మ తల గోడకి కొట్టుకుంది. వెనకాలే పరిగెత్తుకొచ్చిన కాళమ్మ అత్త గుమ్మంలో నిలబడిపోయింది.

"మావా, ఒక్కటే అడుగుతాను" అన్నాడు బావ. "మా నాన్న ఎక్కితే పడవ మునిగిపోయేదా? సచ్ బోలో."

"తెలీదు."

"తెలీదంటే?"

"తెలీదురా. లెక్క సూసుకునే టైమెక్కడిది? ఒరిగింది, కొట్టినాను."

అబద్ధమాడొచ్చు కదా అని నేను లోలోపల తిట్టుకున్నాను. మునిగిపోయేదిరా అని ఒక్క మాట అంటే ఏం పోయింది? ఆ మనిషి అనలేదు. బావ కళ్లు నా లాప్‌టాప్ మీద పడ్డాయి.

"నువ్వు సెప్పు. అందులో ఉన్నది మా నాన్న సేసిన పడవే గదా? కొలతలు మాయమ్మే ఇచ్చింది గదా? మా నాన్నని ఎక్కించి సూపించు. మునిగితే సరే, నాను ఈ గుమ్మం తొక్కను. తేలితే మాత్రం నీ ఎదటే ఈణ్ని కోసేస్తాను. భగవాన్ కసమ్."

"నాకు ఒక్క రోజు కావాలి బావా."

"రేపు ఇదే టైముకి వస్తాను. మావ ఇల్లు కదిలితే పోలీసుల్ని కాదు, పడవల్ని దింపుతాను. ఈ దీవి దాటి ఎక్కడికి పోతాడో సూస్తాను."

ఆ రోజంతా నేను లాప్‌టాప్ ముందు నుంచి లేవలేదు. నూకయ్య మావని పెట్టాను. నీలం బనీను, లుంగీ. ఎర్ర బటన్‌కి తెడ్డుదెబ్బ పెట్టాను. పడవ నిజంగా ఎంత బరువు మోస్తుందో అంతకుముందే లెక్క కట్టి ఉంది నా ఆటలో. ఎనిమిదిమంది. తొమ్మిదోవాడు ఎక్కితే నీళ్లు అంచు దాటుతాయి. ఆ ఉదయం పడవలో ఉన్నది ఆరుగురం. మావ ఎక్కితే ఏడు.

సునామీ నీళ్లలో ఆ లెక్క నిలుస్తుందా అని నన్ను నేనే ఎదిరించాను. అలల పొగరు పెంచాను, ఒరుగు పెంచాను, నాలా ఉరవడి పెంచాను. మావని ఎక్కించి, ఆట దానంతట అదే వందసార్లు నడిచేలా పెట్టాను. గంటన్నర పట్టింది. తొమ్మిదిసార్లు మునిగింది. తొంభై ఒక్కసారి తేలింది.

ఆ అంకె చూసి నేను నోట్లో చున్నీ కుక్కుకుని ఏడ్చాను. నన్ను బతికించడానికి కొట్టాడు మా నాన్న. కొట్టక్కర్లేకుండా కొట్టాడు.

"ఏటొచ్చిందే?" అని మంచం మీంచి అడిగాడు.

"ఇంకా అవ్వలేదు నాన్నా."

"ఉన్నది ఉన్నట్టు ఎట్టు. నా కోసం ఏటీ మార్చకు. ఆడు కోసినా పర్లేదు, పోనాది ఆడి తండ్రి గదా." ఆ మాట అనేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆయన ఆ మాట అనకపోయి ఉంటే నేను ఏం చేసేదాన్నో నాకిప్పటికీ తెలియదు. అన్నాడు కాబట్టే ఆ మనిషిని మేకలా అప్పగించలేకపోయాను. ఎనిమిది తీసేసి ఆరు పెట్టాను. ఏడోవాడు ఎక్కితే చాలు, అల ఉన్నా లేకపోయినా పడవ మునుగుతుంది. దానికి పట్టింది అర నిమిషం.

మర్నాడు బావ కత్తి చాప మీద, చేతికి అందేంత దూరంలో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కనే కాళమ్మ అత్త. అమ్మ నుదుటికి గుడ్డ కట్టుకుని గోడకి ఆనుకుంది. నాన్న మంచం మీంచి చూస్తున్నాడు.

నీలం బనీను మనిషి అంచు పట్టుకున్నాడు. బావ పచ్చ బటన్ నొక్కాడు. మావ పైకి వచ్చాడు. నీళ్లు అంచు దాటాయి. అడుగున బోర్లా పడుకున్న గౌను పిల్ల, అంటే నేను, ముందు మునిగింది. తర్వాత అందరూ మునిగారు.

మళ్లీ ఆడాడు. మళ్లీ మునిగింది. వలలు పారేసే వీలుందా అన్నాడు. ఉంది. పారేశాడు. మునిగింది. ఇంజన్ విప్పి పారేశాడు. మునిగింది.

"గురమ్మ ముసల్దాన్ని తోసేయొచ్చా?"

"కుదరదు బావా."

"ఎందుకు కుదరదే! నా తండ్రికన్నా అది ఎక్కువా?" అని పిడికిలి గోడకేసి గుద్దాడు. విరిగిన వేళ్లు మళ్లీ చితికి కట్టు ఎర్రబడింది. అయినా కంట్రోలర్ వదల్లేదు. పద్నాలుగుసార్లు తండ్రిని పైకి లాగాడు. పద్నాలుగుసార్లూ నేను అతని కళ్ల ముందే మునిగాను. ఆఖరికి అతనికి తెర కనపడటం లేదు, కళ్లు అంతగా నిండిపోయాయి.

"ఇలాగియ్యి" అంది కాళమ్మ అత్త.

కంట్రోలర్ తీసుకుంది. గంటన్నర నుంచి చూస్తోంది కదా, చెప్పక్కర్లేకపోయింది. పడవని తిన్నగా ఉంచింది. నీలం బనీను మనిషి చేతులు అంచు మీద పడ్డాయి. అత్త ఎర్ర బటన్ నొక్కింది. తెడ్డు దిగింది. ఒక చెయ్యి పోయింది. మళ్లీ నొక్కింది. మళ్లీ నొక్కింది. అంచు ఖాళీ అయ్యింది. పడవ ఊగి, నిలబడి, నాలా వెంట పైకి పోయి గుట్ట దగ్గర ఆగింది. ఆరుగురూ దిగారు.

"వొచ్చీసినారా ఒడ్డుకి?"

"వచ్చేశాం అత్తా."

"సూసినావు గదా" అంది కొడుకుతో. చాప మీంచి కత్తి తీసి చేపల బుట్టలో పడేసుకుంది. "లెగు. ఇంటికి పోదాం."

బావ లేచాడు. గుమ్మం దగ్గర ఆగి నాన్న వైపు చూశాడు. ఆ తర్వాత మా గుమ్మం తొక్కలేదు, ఇచ్చిన మాట ప్రకారం.

ఆ మధ్యాహ్నం నాన్న రెండోసారి అన్నం అడిగాడు. అమ్మ గిన్నె ఆయన ముందుకి తోసింది. మాట్లాడలేదు గాని తోసింది. "మునిగిపోయేదన్నమాట" అన్నాడు నాన్న. మళ్లీ అదే అన్నాడు. సాయంత్రం దాకా కనీసం ఇరవైసార్లు అన్నాడు. ఆ పూట నుంచి ఆయన నిద్రపోవడం మొదలుపెట్టాడు. పసిపిల్లాడిలా నోరు తెరుచుకుని, పట్టపగలే, పక్కన గిన్నెలు పడ్డా లేవకుండా నిద్రపోయాడు. చూస్తే నాకు కడుపు నిండిపోయేది. నేను చేసింది తప్పయితే అవుగాక, ఈ నిద్ర తప్పు కాదు కదా అనుకున్నాను.

వైజాగ్ షిప్పుకి నాలుగు రోజులుందనగా కాళమ్మ అత్త కబురు పెట్టింది. రేవు పక్కన చేపలు ఎండబెడుతోంది. బోసి మణికట్ల మీద గాజుముక్కల గాట్లు ఇంకా మానలేదు. చేపలు తిప్పుతూనే అడిగింది.

"పడవని ఎంత కుదించినావే?"

నేను వంగి, ఆమె పక్కన చేపలు తిప్పడం మొదలుపెట్టాను.

"ఆ పడవలోనే యుగంధర్‌గాడి పుట్టెంటుకలకి ఎళ్లినాము. ఎనిమిదిమందిమి, మొక్కుకి ఓ మేకపోతు. గాలొచ్చింది, అలొచ్చింది. అంచుకి నీరు ఇంకా జానెడు కిందే ఉంది. నా మొగుడు సేసిన పడవ ఏడుగురితో మునుగుతాదా? నాకు తెలీదనుకున్నావేటే?"

"మరి ఎందుకు కొట్టావత్తా? ఆ బటన్ ఎందుకు నొక్కావు?"

"నా కొడుకు ముందల కత్తుంది గదా!" అని ఒక్కసారి గొంతు లేపింది. చుట్టూ చూసి మళ్లీ తగ్గించింది. "మొగుడెలాగూ పోనాడు. కొడుకుని జైల్లో ఎట్టుకోనా? అందుకని నా సేత్తో నానే కొట్టినాను. మూడుసార్లూ నానే కొట్టినాను."

నేను ఆమె కాళ్ల మీద పడబోయాను. భుజం పట్టి ఆపేసింది. ఆ పట్టు నొప్పిపుట్టింది.

"మీ నాన్న నిద్దరపోతన్నాడంట గదా. మీయమ్మ మాలచ్చిమి సెప్పింది."

"అవునత్తా."

"ఆడు నిద్దరపోకూడదు. నాను పన్నెండేళ్లు జెట్టీ కాడ నిలబడ్డాను. ఆడు నన్ను రోజూ సూసినాడు, ఎండలో నిలబడకు సెల్లీ అనీవోడు. ఆడికి సెప్పు. యుగంధర్‌కి సెప్పకు, ఆడికి మాత్రం సెప్పు. ఇయ్యాలే సెప్పాలి. నువ్వు సెప్పకపోతే నాను మీ వీధిలోకి వొచ్చి సెప్తాను. నాను సెప్తే నా గొంతు నా కొడుక్కి కూడా ఇనబడతాది."

ఇల్లు పది నిమిషాల దారి. ఎలా నడిచానో గుర్తులేదు. నాన్న భోంచేస్తున్నాడు. ఎడమచేత్తో ముద్ద కలపడం రాక అన్నం చాప మీద పడుతుంటే, అమ్మ ఏదో అంది. పదిహేను రోజుల తర్వాత ఆమె ఆయనతో అన్న మొదటి మాట. నాన్న నవ్వాడు. ఆ నవ్వు పూర్తయ్యేదాకా ఆగాను.

"నాన్నా, ఆటలో నేను ఒక అంకె మార్చాను" అన్నాను. "పడవ మోసేది ఎనిమిదిమందిని. మావ ఎక్కితే తేలేది."

అమ్మ కూర గరిటె గిన్నెలో వదిలేసి లోపలికి వెళ్లిపోయింది. నాన్న చేతిలో ముద్ద అలాగే ఉంది.

"ఎన్నిసార్లు సూసినావు?"

"వందసార్లు. తొంభై ఒక్కసారి తేలింది."

ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు. మింగడం మాత్రం కాలేదు, కంచంలోనే ఊసేశాడు. ఆ చెయ్యే చొక్కాకి తుడుచుకుని, కంచం పక్కకి నెట్టి, లాప్‌టాప్ ఉన్న వైపు జరిగాడు.

"మునిగిన ఆ తొమ్మిదీ సూపించు" అన్నాడు.